నీళ్ళలోంచి పిల్లని తీసే చెయ్యి

గత రెండు భాగాల్లో మన పరిశోధక విద్యార్థుల ఫెలోషిప్పుల గురించి రాశాను. ఈ వారం చేపపిల్లల గురించి రాస్తున్నాను. నవ్వకండి. చివరిదాకా చదివాక కూడా నవ్వొస్తే అప్పుడు నవ్వండి.

మా ఇంట్లో నాలుగడుగుల గాజు తొట్టి ఉంది. ఉప్పునీళ్ళ అక్వేరియం. అందులో ఒక జత క్లౌన్ చేపలున్నాయి. నారింజ రంగు ఒంటి మీద మూడు తెల్ల పట్టీలు. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమా చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పగడాలు లేవు. వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న పగడాల్ని సముద్రంలోంచి పెకలించి తెచ్చి ఇంట్లో పెట్టుకోవటం మన దేశంలో నేరం. అందుకని మా చేపలకి ఇల్లు ఒక మట్టికుండ. పక్కకి పడుకోబెట్టిన చిన్న కుండ. అది వాటికి నచ్చింది. దాని లోపలి గోడకే గుడ్లు పెడతాయి.

మంచినీళ్ళ చేపల తొట్టి చాలామంది ఇళ్ళల్లో ఉంటుంది. ఉప్పునీళ్ళ తొట్టికి డబ్బూ ఓపికా రెండూ కావాలి. లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు నిలకడగా ఉండాలి. వేడి 26, 27 డిగ్రీల దగ్గర ఆగాలి. నీళ్ళు ఆవిరై ఉప్పు పెరిగితే మంచినీళ్ళు పోసి సరిచేయాలి. ఇదంతా ఎవరు చేస్తారు? తీరిక ఉన్నవాళ్ళు చేస్తారు, డబ్బున్నవాళ్ళు చేస్తారు అనుకుంటాం. నేను వాయిదాల మీద కొన్నాను. తొట్టి ఒకసారి, లైటు ఒకసారి, పంపు ఒకసారి. మూడేళ్ళు పట్టింది.

దీని మీద నాకు రెండు వైపుల నుంచీ మాటలు పడ్డాయి. "మీరు ఉద్యమాలూ అవీ చేస్తారు కదా మేడమ్, ఇలాంటి హాబీలు కూడా ఉన్నాయా?" అన్నారు స్టాఫ్ రూములో ఒకాయన. ఆ 'మీరు' ఎవరో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. మనవాళ్ళలో ఒక అన్న ఇంకో రకంగా అన్నాడు. "చెల్లెమ్మా, ఇది మధ్యతరగతి సరదా. ఆ డబ్బుతో పేటలో ఇద్దరు పిల్లలకి ఫీజు కట్టొచ్చు." ఫీజులు కడుతూనే ఉన్నాను. ఆ సంగతి అలా ఉంచండి. పనికిరాని కుతూహలం అనేది ఒకటుంటుంది. కడుపు నింపనిది, ఉద్యోగం ఇవ్వనిది, ఊరికే తెలుసుకోవాలనిపించేది. చరిత్రలో చాలామంది శాస్త్రవేత్తలు అందులోంచే వచ్చారు. ఆ కుతూహలం మనకి ఉండకూడదన్న విషయంలో మాత్రం వాళ్ళూ మనవాళ్ళూ ఒకటైపోవటం నాకు వింతగా ఉంది.

ఇంటి గురించి కూడా ఒక మాట. కాకినాడలో అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు ఒక ఓనరు గారు గుమ్మంలోనే అడిగారు, "నీచు వండుతారా?" అని. చేప వాసనకి మన భాషలో ఉన్న మాట అది. ఒక్క అక్షరం గుణింతం మారిస్తే తక్కువవాడు అనే అర్థం వస్తుంది. ఆయన అడిగింది వంట గురించే కాదని ఇద్దరికీ తెలుసు. ఆ ఇల్లు మాకు రాలేదు. ఇప్పుడున్న ఇంటి ఓనరు గారు తమ చుట్టాలొస్తే మా ఇంటికి తీసుకొస్తారు, తొట్టి చూపించటానికి. బతికున్న చేపకి వాసన లేదు, కులమూ లేదు. కూరలోకి వచ్చాకే రెండూ వస్తాయి.

సరే, చేపపిల్లల దగ్గరికి వద్దాం.

క్లౌన్ చేపల్లో పుట్టిన ప్రతిదీ మొదట మగదే. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది అవుతుంది. ఆడది చచ్చిపోతే మగది ఆడదిగా మారుతుంది. పుట్టుకతో వచ్చింది చచ్చేదాకా మారదని శాస్త్రాలు రాసుకున్న దేశంలో ఈ చేపని పాఠంగా పెట్టాలి. గుడ్లు పెట్టటం వరకే ఆడదాని పని. కాపలా మగదానిది. రెక్కలతో విసురుతూ, నోటితో తుడుస్తూ, పాడైన గుడ్లని ఏరేస్తూ రోజంతా అక్కడే ఉంటుంది. జత వయసుని బట్టి గుడ్లు ఒక విడతకి వందా ఉండొచ్చు, కొన్ని వందలూ ఉండొచ్చు. మొదట నారింజ రంగులో ఉంటాయి. తర్వాత ముదురుతాయి. చివరి రోజుల్లో ప్రతి గుడ్డులోనూ రెండు కళ్ళు కనిపిస్తాయి. ఆ కళ్ళు వెండిలా మెరిశాయంటే ఆ రాత్రికో మర్నాటి రాత్రికో పొదుగుతాయి. మొత్తం వారం నుంచి పది రోజులు.

అవి పగలు పొదగవు. చీకటి పడ్డాక, లైటు ఆర్పిన గంటా రెండు గంటల లోపు గుడ్డు చిట్లుతుంది. సముద్రంలో దానికొక కారణం ఉంది. పగడాల దిబ్బ చుట్టూ అన్నీ నోళ్ళే. చీకట్లో బయటికొచ్చి, పైన కనిపించే కొద్దిపాటి వెలుతురు వైపు ఈదుకుంటూ పోయి, ప్రవాహంలో పడి కొట్టుకుపోతే బతికే అవకాశం ఎక్కువ. అందుకే పుట్టగానే వెలుగు వైపు పోవటం వాటి ఒంట్లోనే ఉంది. ఇంట్లో మనం పట్టుకునేది ఆ గుణాన్నే.

పద్ధతి ఇలా ఉంటుంది. ఆ రాత్రి పంపు ఆపేయాలి, ఫిల్టరు ఆపేయాలి, లేకపోతే పిల్లలన్నీ అందులోకి లాగబడతాయి. కిటికీ తెరలు వేసేయాలి. గంటన్నర ఆగాలి. తర్వాత ఒక మూల, నీటి పైన, చిన్న టార్చి వెలిగించాలి. మరీ కాంతివంతంగా ఉండకూడదు. రెండు నిమిషాల్లో ఆ వెలుగు కింద ఏదో దుమ్ము కదిలినట్టు కనిపిస్తుంది. అవే పిల్లలు. ఒక్కొక్కటి మూడు నాలుగు మిల్లీమీటర్లు. ఒళ్ళు గాజులా ఉంటుంది, కళ్ళు మాత్రం తెలుస్తాయి. వాటిని వలతో తీయకూడదు. వల దారాలకి ఆ చర్మం ఆగదు. గాలి తగలకూడదు. నీళ్ళలో ఉండగానే నీళ్ళతో సహా తీయాలి. గ్లాసు అంచు వంచి మెల్లగా ముంచితే నీళ్ళతోపాటు లోపలికి జారతాయి. లేదంటే సన్నటి రబ్బరు గొట్టంతో నీళ్ళు దించుకోవాలి.

వాటిని వదిలే చిన్న తొట్టిలో అదే నీరు ఉండాలి, అదే వేడి ఉండాలి. పక్కలకి నల్ల కాగితం అంటించాలి. లేకపోతే గోడల మీద పడే వెలుగు కోసం గాజుకి తలలు కొట్టుకుంటాయి. గాలి బుడగలు ఒక్కొక్కటిగా రావాలి. మర్నాడు పొద్దున్నకల్లా తిండి కావాలి, కడుపులో తెచ్చుకున్న సొన దాదాపు అయిపోయి ఉంటుంది. పొడి తిండి తినవు. కదిలేదే తింటాయి. రోటిఫర్ అనే జీవి కావాలి, మిల్లీమీటర్లో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. మిల్లీలీటరు నీళ్ళకి అయిదు నుంచి పది రోటిఫర్లయినా ఉంటే తప్ప ఆ పిల్ల ఎటు తిరిగినా నోటికి ఒకటి దొరకదు. ఆ రోటిఫర్లు బతకటానికి పచ్చటి సూక్ష్మ నాచు కావాలి. అంటే చేపపిల్లని పెంచాలంటే ముందు నాచుని పెంచాలి, తర్వాత రోటిఫర్ని పెంచాలి. వారం దగ్గరపడ్డాక ఆర్టీమియా పిల్లలు అలవాటు చేయాలి. ఎనిమిదో రోజుకీ పదిహేనో రోజుకీ మధ్య ఒంటి మీద మొదటి తెల్ల పట్టీ వస్తుంది. అప్పటికి మిగిలినవి మిగిలినట్టు. వందల్లో పుడితే పదుల్లో మిగలటం మామూలే.

మన దేశంలో సీఎంఎఫ్ఆర్ఐ శాస్త్రవేత్తలు క్లౌన్ చేపల్ని హేచరీలో పెంచే పద్ధతుల మీద చాలా పని చేశారు. నేను నేర్చుకున్నది అలాంటి కాగితాలు చదివే. తెలుగు సాహిత్యంలో డాక్టరేటు ఉన్నదాన్ని, జీవశాస్త్రం కాగితాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను.

పోయిన సంక్రాంతి సెలవులకి అమ్మ వచ్చింది. తాళ్ళరేవు దాటాక మడ అడవుల వైపు మా ఊరు. శుక్లాలు తీయించుకున్నాక కళ్ళజోడు వచ్చింది తప్ప అమ్మ చూపులో పదును పోలేదు. తొట్టి చూసి మొదట అడిగింది, "ఏటే ఇవి, తినేవా?" అని. కాదన్నాను. "మరెందుకే?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. "కాలవ నీళ్ళకంటే ఉప్పగా ఉన్నాయి. ఇది నడి సముద్రం నీరు" అంది. నేను మీటరు పెట్టి చూసే సంగతి అది.

ఆ రాత్రే గుడ్లు పొదిగాయి. నేను టార్చి పట్టుకుని గొట్టం సర్దుకుంటున్నాను. అమ్మ వెనక నుంచి చూస్తోంది.

"గొట్టం తియ్యి. గరిట ఉందా? లోతుది."

తెచ్చాను.

"తెల్ల బేసిను?"

తెల్ల ప్లాస్టిక్ బేసిను తెచ్చాను. అందులో తొట్టి నీళ్ళు రెండు అంగుళాలు పోసింది. టార్చి ఎక్కడ పట్టుకోవాలో నాకు చూపించింది. పైనుంచి పట్టుకుంటే నీళ్ళ మీద మెరుపు కళ్ళలో పడుతుంది, పక్క నుంచి పట్టుకుంటే పిల్ల కనిపిస్తుంది. గరిటని ముంచటం లేదు, ఒక అంచు కిందికి వంచి ఊరుకుంటోంది. నీళ్ళు వాటంతట అవే లోపలికి వస్తున్నాయి. వాటితో పిల్లలొస్తున్నాయి. చెయ్యి కదలటం లేదు, మణికట్టు ఒక్కటే తిరుగుతోంది. బేసిను నీళ్ళలో గరిటని ముంచి వంచుతోంది. ఒక్క చుక్క కూడా పైనుంచి పడటం లేదు. మధ్య మధ్యలో ఒక గోధుమ గింజ తీసి పక్కన పెడుతోంది. ఎందుకమ్మా అంటే, "ఇరవైకి ఒకటి" అంది. చివర్లో తొమ్మిది గింజలున్నాయి.

ఆ విడతలో బతికినన్ని పిల్లలు అంతకు ముందు ఏ విడతలోనూ బతకలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావే ఇది?" అన్నాను. ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. అమ్మ నోటితో వినాలనిపించింది.

"నిన్ను చంకనేసుకుని చేసిందే కదే. సీడుకి వెళ్ళేదాన్ని కాదా?"

ఇక్కడ మీలో ముప్పై దాటనివాళ్ళ కోసం కొంత చెప్పాలి. 1990 తర్వాత మన కోస్తాలో టైగర్ రొయ్యల చెరువులు ఊరి మీద ఊరు తవ్వారు. చెరువులో వేయటానికి రొయ్యపిల్ల కావాలి. దాన్నే సీడు అంటారు. హేచరీలు అప్పటికి తక్కువ. అందుకని సీడు సముద్రంలోంచే రావాలి. పెద్ద రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు పోటుతో పాటు ఏటి మొగల్లోకి, మడ అడవి కాలవల్లోకి వస్తాయి. అక్కడ తిండీ నీడా దొరుకుతాయి. కొంత పెరిగి మళ్ళీ సముద్రానికి పోతాయి. అవి లోపలికి వచ్చేటప్పుడు, అంగుళంలో సగం ఉన్నప్పుడు, పట్టాలి. అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువ, పిల్లలూ ఎక్కువ. మొలలోతు, ఒక్కోసారి రొమ్ములోతు నీళ్ళలో దోమతెర గుడ్డతో కుట్టిన వల నెట్టుకుంటూ పోవాలి. ఒడ్డుకొచ్చి తెల్ల బేసినులో పోసి, వచ్చిన వాటిలోంచి టైగర్ పిల్లని ఏరాలి. ఒంటి పొడుగునా ముదురు గోధుమ గీత ఉంటుంది. పుల్లలా తిన్నగా ఈదుతుంది. మిగతా రొయ్యపిల్లలు అలా ఈదవు. ఏరిన వాటిని లెక్కపెట్టి ఏజెంటుకి ఇవ్వాలి. ఆయన దగ్గర ఇంకోసారి లెక్క. చచ్చిన పిల్లకి డబ్బు లేదు. అందుకే గాలి తగలకుండా తీయటం, నీళ్ళతో సహా తీయటం, పైనుంచి పోయకుండా ముంచి వదలటం. ఇవి అమ్మకి ఏ కాగితమూ నేర్పలేదు. చచ్చిన ప్రతి పిల్లా కూలిలో కోత.

అసలు అమ్మ ఆ కాలవలోకి ఎందుకు దిగింది? మాది మత్స్యకార కుటుంబం కాదు. మాలపేట. మా వాళ్ళకి నీళ్ళ పని తెలియదు, వరి పని తెలుసు. నాట్లు, కలుపు, కోత, నూర్పు. వరి చేలు రొయ్యల చెరువులయ్యాక ఆ పని పోయింది. ఎకరం వరికి ఎంతమంది ఆడవాళ్ళు కావాలో, ఎకరం చెరువుకి ఎంతమంది కావాలో ఆలోచించండి. చెరువుకి ఒక కాపలావాడు చాలు, అతను కూడా మగవాడే. పొలం ఉన్నవాడికి పొలం చెరువు అయింది. పొలం లేనివాళ్ళకి ఉన్న పని కూడా పోయింది. చుట్టూ చెరువుల ఉప్పు దిగి మంచినీళ్ళ బావి చప్పగా మారి, తర్వాత ఉప్పగా మారింది. అప్పుడు మా పేట ఆడవాళ్ళు వల కుట్టుకుని కాలవలోకి దిగారు. కాలవ మీద బతికే మత్స్యకారులకి వాళ్ళు దిగటం నచ్చలేదు. గొడవలయ్యాయి. పేదవాళ్ళకీ పేదవాళ్ళకీ మధ్య గొడవ పెట్టిన చెరువు గట్టు మీద ఎవరూ నిలబడి తిట్లు తినలేదు.

1994 చివరికి రోగం వచ్చి చెరువులు ఎండిపోయాయి. తెల్లమచ్చల రోగం పేరు అప్పుడే మా ఊళ్ళో అందరి నోటా నలిగింది. సీడు కొనేవాడు లేడు. తమిళనాడులో భూమిలేని దళితుల మధ్య పనిచేసిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర నియంత్రణ ప్రాంతంలో కొత్త తరహా రొయ్యల చెరువులు ఉండకూడదంది, వ్యవసాయ భూముల్నీ మడ అడవుల్నీ చెరువులుగా మార్చకూడదంది. ఆ తీర్పు మన విద్యార్థులు తప్పక చదవాలి. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి చెరువులకి మళ్ళీ దారి తెరిచింది. 2009 తర్వాత వనామీ వచ్చింది. దాని సీడు పూర్తిగా హేచరీలదే. అమ్మలాంటి వాళ్ళు కాలవలోంచి ఒడ్డుకొచ్చేశారు. పొలం మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు నాకు మంట పుట్టించిన సంగతి. కొన్నాళ్ళ కిందట తీరప్రాంత పర్యావరణం మీద ఒక సదస్సుకి వెళ్ళాను. నేను సాహిత్యం వైపు నుంచి మాట్లాడాలి. నాకు ముందు ఒకాయన పత్రం చదివారు. సహజ సీడు సేకరణ వల్ల జరిగిన నష్టం మీద. ఆయన చెప్పిన విషయం నిజమే. ఒక టైగర్ పిల్ల కోసం వల లాగితే దానికి ఎన్నో రెట్లు వేరే చేపపిల్లలు, రొయ్యపిల్లలు, పీతపిల్లలు వస్తాయి. వాటిని ఒడ్డున పారబోస్తే అన్నీ చస్తాయి. ఇది చాలా చోట్ల శాస్త్రవేత్తలు లెక్కకట్టిన సంగతే. అయితే ఆయన దానికి కారణం ఒక్క మాటలో తేల్చేశారు. "తీరప్రాంత పేద మహిళల అవగాహనారాహిత్యం."

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. ఆ మాట చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది.

"మాకు తెలీదా అవి పిల్లలని? పిల్లల తల్లులం మేము. కొనేవాడు గీత ఉన్నదే కావాలన్నాడు. మిగతావి నీళ్ళలో వదిలెయ్యాలంటే మళ్ళీ కాలవలోకి దిగాలి. పోటు తిరిగిపోతా ఉంటది. ఒక్క పోటు పోతే ఆ పూట కూలి పోయినట్టే. చేతనైనప్పుడు బేసిను కాలవలోనే వంచేదాన్ని. చేతకానప్పుడు ఒడ్డునే పారబోసేదాన్ని. కాకులు తినేవి. ఆయన్ని అడుగు, ఒక్క పోటుకి వచ్చి నిలబడతాడేమో."

అమ్మ తన చేతిని కడిగేసుకోలేదు, గమనించండి. పారబోశానని చెప్పింది. ఎందుకు పారబోశానో కూడా చెప్పింది. ఆ పత్రంలో మొదటిది ఉంది, రెండోది లేదు. చెరువు యజమాని పేరు లేదు, ఏజెంటు లేడు, ఎగుమతి చేసిన కంపెనీ లేదు, ప్లేటులో తిన్న దేశాలు లేవు. చివరి చెయ్యి ఒక్కటే ఉంది. మన పర్యావరణ రచనలో చాలా భాగం ఇలాగే ఉంటుంది. నీళ్ళలో దిగిన చెయ్యి కనిపిస్తుంది, దాన్ని నీళ్ళలోకి దింపింది కనిపించదు.

నా సబ్జెక్టు తెలుగు కాబట్టి ఒక కథ గుర్తుచేస్తాను. భాగవతం ఎనిమిదో స్కంధంలో మత్స్యావతారం ఉంది. సత్యవ్రతుడు అనే రాజు నదిలో తర్పణం వదులుతుంటే దోసిట్లోకి ఒక చేపపిల్ల వస్తుంది. పెద్ద చేపలు తినేస్తాయి, కాపాడమంటుంది. ఆయన కమండలంలో వేస్తాడు. అది పెరుగుతుంది. ఇంకా పెద్ద పాత్రలో, తర్వాత చెరువులో, చివరికి సముద్రంలో వదులుతాడు. అది విష్ణువని తెలుస్తుంది. పోతన చేతిలో ఆ కథ ఎంత అందంగా ఉంటుందో నేను క్లాసులో ప్రతి ఏడూ చెబుతాను. ఈ ఏడు ఇంకో ప్రశ్న కూడా వేశాను. ఆ నదిలో ఆ పొద్దున పుట్టిన మిగతా చేపపిల్లలేమయ్యాయి? కాపాడబడ్డ పిల్ల దేవుడు. కాపాడబడని పిల్లల గురించి ఒక్క పద్యం లేదు.

చేపల పేరు చెప్పి మన పాత గ్రంథాలు రాజ్యాధికారాన్నే సమర్థించుకున్నాయి. పెద్ద చేప చిన్న చేపని తింటుంది, దాన్నే మత్స్యన్యాయం అన్నారు, అది జరక్కుండా ఉండాలంటే రాజు చేతిలో దండం ఉండాలన్నారు. మనుస్మృతి ఏడో అధ్యాయంలో కూడా రాజు దండించకపోతే బలవంతులు బలహీనుల్ని చేపల్లా చేస్తారన్న పోలిక ఉంది. బలహీనుల మీద అంత జాలి ఉన్న ఆ గ్రంథంలోనే మన గురించి ఏమేమి రాశారో మీకు తెలుసు. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకున్న బాబాసాహెబ్, అదే ఏడాది డిసెంబరు 25న అదే మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన సభని నడిపించారు. ఒకే ఊళ్ళో, ఒకే ఏడాదిలో, ముందు నీళ్ళు, తర్వాత పుస్తకం. ఆ వరస మీద నేను చాలాసార్లు ఆలోచిస్తాను. నీళ్ళ మీద హక్కుని అడ్డుకున్నది చెరువు గట్టు ఒక్కటే కాదని, రాసిపెట్టుకున్న జ్ఞానం కూడా అడ్డుకుందని ఆయన చూపించారు.

రాసిపెట్టుకున్న జ్ఞానం అన్నాను. మా కాలేజీలో ఆక్వాకల్చర్ చదివే పిల్లలున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి, మన పిల్లే, నన్ను చూడటానికి ఇంటికొచ్చి తొట్టి ముందు కూర్చుండిపోయింది. వాళ్ళమ్మ హేచరీలో కూలికి వెళ్తుంది. రాత్రి షిఫ్టు. బకెట్లలో సీడు లెక్కపెట్టి సంచుల్లో పోసే పని. ప్రాక్టికల్స్‌లో సీడు లెక్కగట్టే పద్ధతి రికార్డులో రాయాలట. కొంత నీళ్ళు గ్లాసులోకి తీసుకుని, అందులో ఉన్న పిల్లల్ని లెక్కపెట్టి, మొత్తం నీళ్ళకి హెచ్చవేయటం.

"మేడమ్, మా అమ్మ బకెట్టులోకి ఒకసారి చూసి ఎన్ని ఉన్నాయో చెప్పేస్తుంది. తర్వాత లెక్కపెడితే దాదాపు అంతే వస్తాయి. అది రికార్డులో ఎలా రాయాలి?"

రాయమన్నాను. చూసి చెప్పిన అంకె ఒక గడిలో, లెక్కపెట్టి వచ్చిన అంకె ఇంకో గడిలో, ముప్పై బకెట్లకి. తేడా ఎంతో మూడో గడిలో. ఒప్పుకుంటే అది ఒక పద్ధతి అవుతుంది, ఒప్పుకోకపోతే ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది. రెండూ శాస్త్రమే. వాళ్ళమ్మ మీద జాలిపడుతూ రాయొద్దన్నాను, పొగుడుతూ కూడా రాయొద్దన్నాను. మన అమ్మల జ్ఞానాన్ని దేవుడి ప్రసాదంలా నెత్తిన పెట్టుకుంటే మళ్ళీ పరీక్షకి దూరం చేసినట్టే. పరీక్షకి నిలబెట్టటమే దానికి ఇచ్చే గౌరవం. ఆ అమ్మాయి ఇప్పటికి పద్నాలుగు బకెట్లు పూర్తి చేసింది. అంకెలు నేను ఇంకా చూడలేదు. చూడను కూడా, ముప్పై అయ్యేదాకా.

అమ్మ తీసిన ఆ విడత చేపపిల్లలు ఇప్పుడు అంగుళం దాటాయి. అక్వేరియం షాపు ఆయన కొంటానన్నాడు. సముద్రంలోంచి పట్టి తెచ్చిన చేపకంటే తొట్టిలో పుట్టిన చేప నయం, తొట్టి తిండికి ముందే అలవాటుపడి ఉంటుంది, సముద్రంలో ఒక చేప తగ్గదు. ధర ఆయనే చెప్పాడు. అమ్మకి ఫోన్లో చెప్పాను.

"ఒక్కోటీ అంతా?" అంది. తర్వాత లెక్క వేసుకుంది. వందకి లెక్క వేయటం ఆమెకి అలవాటు. "వందకి అంత వస్తే మేం ఇల్లు కట్టేవాళ్ళం కదే" అంది. నవ్వింది. నేను నవ్వలేదు.

అదే పని. అదే గరిట, అదే తెల్ల బేసిను, అదే మణికట్టు. మడ అడవి కాలవలో రొమ్ములోతు నీళ్ళలో చేస్తే దాని పేరు కూలి. సదస్సులో దాని పేరు అవగాహనారాహిత్యం. నా హాల్లో చేస్తే దాని పేరు హాబీ. హేచరీలో తెల్లకోటు వేసుకుని చేస్తే దాని పేరు సాంకేతిక నైపుణ్యం. పని మారలేదు. చేసే మనిషి ఎక్కడ నిలబడిందన్న దాన్ని బట్టి పేరు మారుతోంది, పేరుని బట్టి డబ్బు మారుతోంది. కులం ఎలా పనిచేస్తుందని మీలో కొందరు అడుగుతుంటారు. ఇలా కూడా పనిచేస్తుంది.

పిల్లలు అమ్మగా వచ్చిన డబ్బు అమ్మ పేరున పోస్టాఫీసులో వేశాను. ఆమె వద్దంది. "నీ తొట్టి, నీ చేపలు" అంది. చెయ్యి నీదేనన్నాను. వాదన ఇంకా తెగలేదు.

ఈ వ్యాసం చదివే విద్యార్థులకి ఒక పని చెబుతున్నాను. మీ ఇంట్లో ఎవరికో ఒకరికి ఇలాంటి ఒక చెయ్యి ఉంటుంది. చెప్పు కుట్టే చెయ్యి, డప్పు కాచే చెయ్యి, నారు పీకే చెయ్యి, సీడు ఏరే చెయ్యి. ఆ పనిని మొదటి నుంచి చివరి దాకా రాయండి. ఏ పనిముట్టు, ఏ వేళ, ఎంత లోతు, ఎన్నిటికి ఒక గింజ, తప్పితే ఎవరికి నష్టం. విశేషణాలు వద్దు. కొలతలు రాయండి. వాళ్ళు వాడే మాటలు వాళ్ళు పలికినట్టే రాయండి, నిఘంటువులో లేకపోతే ఇంకా మంచిది. ఆ పని వల్ల ఏదైనా చెడు జరిగి ఉంటే అది కూడా రాయండి, ఎవరు చేయించారో దానితో కలిపి రాయండి. మన గురించి ఇంకొకరు రాసే పత్రంలో మనం చివరి చెయ్యిగా మిగలకుండా ఉండాలంటే ముందు మన దగ్గర ఈ రాత ఉండాలి.

నేను అమ్మ దగ్గర కూర్చుని మొదలుపెట్టాను. కాలవ పేర్లు, పోటు పేర్లు, వలలో పడ్డ ప్రతి పిల్లనీ అమ్మ ఏమని పిలిచేదో. ఇప్పటికి నలభై మూడు మాటలొచ్చాయి. నా డాక్టరేటులో వాటిలో ఒక్కటీ లేదు.

వచ్చే వారం ఉప్పు బావి గురించి రాస్తాను.

జై భీమ్.